రాజేశం మార్చుకున్న అక్షరం

జనగామలో టెంటు సామాను కిరాయికిచ్చే రాజేశం జీవిత చరిత్ర రాయడానికి ఒక్క పేజీ చాలు. యాభై రెండేళ్లలో ఆ మహనీయుడు మార్చుకున్నది ఒకే ఒక్క అక్షరం. ‘వచ్చిండు’లో చివరి ‘డు’ తీసి ‘ది’ పెట్టాడు. అందుకు ఏడాది పట్టింది.

ఆ ఏడాదంతా, కొడుకనుకుని తాను విజయ్ అని పేరు పెట్టిన పంతొమ్మిదేళ్ల బిడ్డ “నేను ప్రసూనను, బాపూ” అంటుంటే, ఆయన మాత్రం భార్య కౌసల్యను “విజయ్ తిన్నడా?” అని అడిగేవాడు. బిడ్డ తినడమే మానేసింది. దవాఖానలో సెలైను ఎక్కించారు. ఆ నిరాహారానికి నిమ్మరసం పట్టుకొని ఏ నాయకుడూ రాలేదు. మూడో రోజు రాజేశం మంచం పక్కన నిలబడి, “ప్రసూన లేచిందా?” అన్నాడు. బిడ్డ కళ్లు తెరిచింది. ఆ పూట రెండు ముద్దలు తిన్నది. వైద్యశాస్త్రం ఈ మందును ఇంకా గుర్తించినట్టు లేదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. చౌరస్తాలో రిలే దీక్షల శిబిరానికి షామియానా, మైకు రాజేశమే ఊరికే ఇచ్చాడు. శిబిరం పెద్ద హన్మంతు సారు, తెలుగు పండితుడు. రోజూ మైకులో ఆయన మండిపాటు ఒకటే:

“మన మాటను సినిమాలల్ల జోకర్ల నోట్ల వెట్టి నవ్విన్రు! మనం ఎవలమో మనమే చెప్పుకోవాలె, ఇంకోడు గాదు!”

చప్పట్లు కొట్టినవాళ్లలో ప్రసూన కూడా ఉంది. ఆ మాట తనకూ వర్తిస్తుందనుకుంది, పిచ్చిపిల్ల.

మహిళల దీక్ష రోజున తల్లి పక్కన దండ వేసుకుని కూర్చుంది. సారు జాబితా చదివాడు.

“కౌసల్యక్క వచ్చింది.” కళ్లద్దాలు సర్దుకున్నాడు. “విజయ్ వచ్చిండు. తమ్మీ, మొగోళ్ల దీక్ష ఎల్లుండి. లే!”

మైకులోనే నవ్వాడు. చౌరస్తాలో కట్టిన హారన్లన్నీ నవ్వాయి. శిబిరమూ నవ్వింది.

ప్రసూన దండ తీయబోయింది. కౌసల్య ఆ చెయ్యి పట్టుకుంది. “కూసో బిడ్డా. సారూ, నా బిడ్డ వచ్చింది. రాసుకో.”

“వ్యాకరణం ఒప్పుకోదక్కా.”

“సినిమావోళ్లు నవ్వితె మండింది గద నీకు? గిప్పుడు నువ్వెందుకు నవ్వినవ్?”

సారు జవాబు ఎవరికీ వినబడలేదు. రాజేశం ప్లగ్గు పీకేశాడు.

“ఏంది రాజేశం, ఉద్యమానికే ద్రోహమా!”

“షామియానా ఉంచుత సార్. కింద ఆడోళ్లు కూసున్నరు, నా బిడ్డ గూడ. మైకు తీస్కపోత.”

సాయంత్రం సారు వరసగా అందరికీ నిమ్మరసం ఇచ్చి, ప్రసూన దగ్గరికి వచ్చేసరికి దాటిపోయాడు. కౌసల్య తన గ్లాసు ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సారు దుకాణానికి దయచేశాడు. పెద్ద సభ ఉందట. మైకు లేకపోతే స్వరాష్ట్రం ఆగిపోతుందట.

“తీస్కపో సార్. జర టెస్టింగ్ చెయ్యి,” అంటూ రాజేశం వైరు తగిలించాడు.

“హలో... హలో...”

“గది గాదు. ప్రసూన వచ్చింది అను.”

దుకాణం వెనక ఇంట్లో ప్రసూన పళ్లెం ముందు కూర్చుని ఉంది. ముద్ద చేతిలోనే ఆగింది.

“ప్రసూన వచ్చిం...” అని సారు దగ్గాడు.

రాజేశం వేలు స్విచ్చి మీదే ఉంది.

“ఒక్క అక్షరమే సార్. నాకు ఏడాది పట్టింది. నీకు గంత టైమియ్య.”