ఘాలాలో మా లిస్ప్ పెట్టె

మస్కట్‌లోని ఘాలాలో గ్యారేజీ పైనున్న ఒక గదే మా ఆఫీసు. కార్మికులను సైట్లకు చేర్చే కంపెనీ బస్సులకు డ్యూటీలు వేసే సాఫ్ట్‌వేర్ మాది. రాసేది ఇద్దరమే. నాది భీమవరం, నేను అన్నా అని పిలిచే రెండో ఆయనది జగిత్యాల. గ్రీజు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఆ గదే గుర్తొస్తుంది, మనసు అటే లాగుతుంది.

లిస్ప్‌లో రాయాలన్నది ఇద్దరి పిచ్చీ. ఆ ప్రోగ్రామింగ్ భాషకూ మనకున్నట్టే మాండలికాలున్నాయి. మా ఇద్దరి యాసలే కలవవు, ఇక అక్కడెలా కలుస్తాం? నాకు స్కీమ్ కావాలి, చిన్నది, ముచ్చటైనది. ఆయనకు కామన్ లిస్ప్ కావాలి. పెళ్ళివారి సామానులా అందులో లేనిది ఉండదు. పైగా అద్దె సర్వర్ వద్దు, ఈ పనికే ఒక కంప్యూటర్ కొనాలన్నాడు.

"బస్సులు నడుస్తనే ఉంటయి చెల్లె. ప్రోగ్రాం ఆపకుంట లోపల మార్చుకునేటట్టు ఉండాలె. నెట్ పోయినా మన డబ్బా మన కాడనే ఉంటది."

"సరే, మీదే గెలుపు. దుమ్ము మాత్రం మీరే తుడవండి," అన్నాను.

తుడిచాడు కూడా, రోజూ, పాత బనియన్ గుడ్డతో.

రంజాన్‌లో డ్యూటీ వేళలు మారితే నడుస్తున్న ప్రోగ్రామ్‌లోనే సరిచేసేవాడు. ఒక్క బస్సూ ఆగేది కాదు. కానీ ఆ మార్పులను ఫైల్లో రాసిపెట్టేవాడు కాదు. అడిగితే "రాస్త తియ్" అనేవాడు. అలా ఆయన పనిలో సగం ఆ పెట్టె మెమరీలోనే ఉండిపోయింది. ఆపితే పోతుంది.

తర్వాత ఆయన వీసా రెన్యూవల్ కాలేదు, ఊరికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే తన సంగతి చెప్పకముందే "మన డబ్బా నడుస్తున్నదా?" అని అడిగేవాడు. నడుస్తోందంటే ఆ గొంతులో ఎంత సంబరమో!

ఈమధ్య గ్యారేజీ అల్ అమెరాత్‌కు మారుతోందన్నారు. గది ఖాళీ చేయాలి, పెట్టె ఆపాలి. కంగారుగా ఆయనకు ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దంతా ఆయన గుర్తుచేసుకుంటూ చెబితే నేను టైపు చేశాను. "ఇది ఎందుకు పెట్టిన్నో యాదికొస్తలేదు," అని మధ్యమధ్య నవ్వాడు. కొత్త కంప్యూటర్లో అన్నీ సరిగ్గా నడిచాయి. హమ్మయ్య అనుకున్నాను.

"ఇక పాతది ఆపుతున్నానన్నా."

"ఆపు."

స్విచ్ నొక్కాను. ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది.

"ఆపినవా?"

"ఆపాను."



"మస్కట్‌ల నా పని ఇంకా నడుస్తున్నదని ఈడ అందరికి చెప్పుకున్న చెల్లె. కొత్తదాంట్ల ఉన్నయన్నీ నువ్వు రాసినయే. ఇగ ఆడ నాదేం లేదు."