ఓపిక పట్టమని చెప్పింది నేనే

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు దిగి వంతెన మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఒకాయన కేకేశాడు. "అన్నా, నీ చెప్పు ఈడనే పడిపోయింది!"

చూసుకుంటే నిజమే, ఎడమ కాలికి చెప్పు లేదు. ఏడెనిమిది మెట్లు వట్టి కాలితో ఎక్కేశాను. కాలి కింద రాయి గరుకు కూడా తెలియలేదు. నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మొదట అనిపించింది ఆ సాయంత్రమే. చెప్పు వేసుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి నడిచాను.

నాకు నలభై ఆరేళ్లు. కార్ఖానాలో రెండు గదుల ఇంట్లో నేనూ, నా భార్య రజితా ఉంటాం. బేగంపేటలో ఒక ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసే పని. దాంతోపాటు, తక్కువ వస్తువులతో బతకడం గురించి చాలాకాలంగా ఒక బ్లాగు రాస్తున్నాను. ఫ్రిజ్ తీసేయడం, సోఫా ఇచ్చేయడం, మనిషికి నాలుగు జతల బట్టలు, రోజుకు ఒక్కపూటే వంట. అంతటితో ఆగితే బాగుండేది. చెప్పు జారేనాటికి మూడున్నరేళ్ల కిందట పాలు, పెరుగు, గుడ్లు కూడా మానేశాను. రజిత చేత కూడా మాన్పించాను. "మా ఇంట్లో మందుబిళ్ల లేదు" అని ఒక పోస్టు రాశాను. దాన్ని అందరికన్నా ఎక్కువసార్లు చదువుకున్నది నేనే.

చెప్పు జారిన వారానికి బ్లాగులో ఒక కామెంట్ వచ్చింది. రాసినావిడ పేరు సువర్ణ. బోయిన్‌పల్లిలో బ్లౌజులు కుడతారు. "సార్, మీ పోస్టులు చదివి రెండేండ్ల సంది పాలు, గుడ్లు బంద్ చేసిన. ఇప్పుడు వేళ్లు తిమ్మిరెక్కుతున్నయి. సూది గుచ్చుకున్నా తెలుస్తలేదు. ఏం జేయాలె?"

అప్పటికి నా పాదాలూ అలాగే ఉన్నాయి. నాకు నేను చెప్పుకుంటున్న మాటే ఆమెకూ రాశాను. "ఒంట్లోని చెడు బయటికి పోతోంది. ఓపిక పట్టండి."

నెల తిరక్కుండానే ఒక ఉదయం ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నాను. నేల ఎక్కడుందో తెలియలేదు. వాష్‌బేసిన్ పట్టుకోబోయి పక్కకు పడ్డాను. నుదురు చిట్లింది. కుట్లు వేసిన డాక్టరు నన్ను న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు.

ఆవిడ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా బొటనవేలి మీద ఆనించారు. "వైబ్రేషన్ తెలుస్తోందా?"

"ఆగిపోయింది కదా మేడమ్."

"ఆగలేదు. ఇంకా ఊగుతోంది, చూడండి."

చూశాను. ఊగుతోంది. నాకే తెలియడం లేదు.

రక్తపరీక్షలు, నర్వ్ కండక్షన్ టెస్ట్, ఎమ్మారై అయ్యాక రిపోర్టులు ముందు పెట్టుకుని ఆవిడ అడిగారు. "మీ తిండిలో బీ-ట్వెల్వ్ ఎక్కడినుంచి వస్తోంది?"

"ఆకుకూరలు బాగా తింటాను మేడమ్."

"వాటిలో బీ-ట్వెల్వ్ ఉండదు, పాలు, గుడ్లు, మాంసంలోనే ఉంటుంది. వాటిలోని ఫోలేట్ అనే విటమిన్ వల్ల రక్తహీనత కనపడలేదు, అంతే. లోపల స్పైనల్ కార్డ్ దెబ్బతింటూనే ఉంది." ఆవిడ రజిత వైపు తిరిగారు. "మీరూ ఇదే తింటారా? మీరు కూడా టెస్ట్ చేయించుకోండి."

రజిత రిపోర్ట్ నార్మల్ వచ్చింది. ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను, నీకెట్లా బాగుందని. ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది.

"పక్కింటి పద్మక్క ఇంట్ల రోజూ పాలు తాగుతున్న. పెరుగన్నం సుత తింటున్న. నువ్వేమో రజిత కూడా మానేసిందని బ్లాగుల రాసేసినవు. నీ ఇజ్జత్ పోతదని ఊకున్న."

మూడేళ్లకు పైగా నా భార్య ఆకలేసినప్పుడల్లా పక్కింటి తలుపు తట్టింది. నేనేమో ఇంట్లో కూర్చుని మా ఇంటి తృప్తి గురించి రాశాను.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మొదట రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికొకటి. మొదటి వారాల్లో పాదాల మంటలు తగ్గకపోగా పెరిగాయి. "నర్వ్స్ తిరిగి లేస్తున్నాయి, భయపడకండి" అన్నారు డాక్టరు. ఫిజియోథెరపీలో గీత మీద నడవడం పసివాడిలా మళ్లీ నేర్చుకున్నాను.

బ్లాగులో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. పైగా ముందే రాసిపెట్టుకున్న "పాలు లేని వంటిల్లు" అనే పోస్టు పెట్టాను. సువర్ణగారికి చెప్పావా అని రజిత అడిగితే, చెప్పానన్నాను. అబద్ధం. రేపు చెప్తా, కాస్త నడక కుదిరాక చెప్తా అనుకుంటూ రెండు నెలలు గడిపాను.

అప్పుడు సువర్ణగారు మళ్లీ రాశారు. "సార్, ఇంకెన్ని రోజులు ఓపిక పట్టాలె?"

ఆ కామెంట్ డిలీట్ చేశాను. నా జీవితంలో ఇంతకన్నా నీచమైన పని చేసినట్టు గుర్తులేదు. అన్నం ముందు కూర్చుని కంచం పక్కకు నెట్టేశాను. ఏమైందని రజిత అడిగితే అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "లే. ఇప్పుడే పోదాం పా" అంది.

మొదటి కామెంట్ కింద సువర్ణగారు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, అడ్రస్ కనుక్కుని వెళ్లాం. సువర్ణగారు గోడ పట్టుకుని వచ్చి తలుపు తీశారు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను గుర్తుపట్టి సంతోషంగా "రండ్రి సార్, కూసోండ్రి" అన్నారు. నేను నిలబడే చెప్పాను. నాకూ అదే జబ్బని, రెండు నెలలుగా మందు తీసుకుంటున్నానని, ఆమె రాసింది నేనే తీసేశానని.

ఆమె తన వేళ్ల వంక చూసుకున్నారు. "మీకు తెల్సిన దినమే చెప్తే అయిపోతుండె కద సార్" అన్నారు.

ఆ రోజే రజిత ఆమెను మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలో ఆమె బీ-ట్వెల్వ్ నాకన్నా తక్కువగా వచ్చింది.

ఇది జరిగి ఏడాది దాటింది. నేను కర్ర లేకుండా నడుస్తున్నాను. చీకట్లో మాత్రం గోడ కావాలి. కుడి పాదం ఇప్పటికీ సగం మొద్దు. సువర్ణగారు మిషన్ మీద కుడుతున్నారు. చేతి కుట్టు, హుక్కులు ఇంకా వేరేవాళ్లకు ఇస్తున్నారు. అవి మళ్లీ వస్తాయో లేదో డాక్టరు చెప్పలేకపోయారు. నేను ఫోన్ చేస్తే మాట్లాడతారు, క్లుప్తంగా. రజిత ఫోన్ చేస్తే నవ్వుతారు.

పాత పోస్టులు తీసేయలేదు. ప్రతిదానికీ పైన జరిగింది రాసి పెట్టాను. సామాను తక్కువగానే ఉంది మా ఇంట్లో, అది మాకిద్దరికీ ఇష్టం. రజితకు పాలు మాత్రం రోజూ వస్తాయి. నేను పాలు తాగను. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటాను.

పాలు, గుడ్లు, మాంసం మానేసినవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏడాదికోసారి బీ-ట్వెల్వ్ పరీక్ష చేయించుకుని, డాక్టరు ఇచ్చిన మాత్ర వేసుకోండి. కాళ్లో చేతులో తిమ్మిరెక్కి తగ్గకపోతే ఆ వారమే డాక్టరును అడగండి. నాలాంటివాణ్ణి అడగకండి.