దరియావలి ఇంగ్లీషు పాట

కావలి మైకుసెట్టు దరియావలికి ఒకే ఒక పిచ్చి. పెళ్ళి కానీ, చెవులు కుట్టడం కానీ, కొత్త పడవకు పూజ కానీ, ఎక్కడ మైకు కట్టినా మధ్యలో ఒక్కసారి తన ఇంగ్లీషు పాట వేసి తీరతాడు.

అరవై ఎనిమిదిలో మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల మధ్య దొరికిన రికార్డు అది. పైకాగితం చిరిగిపోయి పాడినవాళ్ళ పేరు కూడా తెలియదు. మొదట ఎవరో రేకులు ఈడుస్తారు, సీసాలు పగలగొడతారు, గిటారు గొంతు పిసుకుతారు. నాలుగు నిమిషాలు ఇదే వరస. మా తుమ్మలపెంటలో తొలిసారి వేసిన రోజు కుక్కలన్నీ సముద్రం వైపు పరుగెత్తాయి. గాలివాన వస్తోందని ముసలమ్మవ్వ ఎండుచేపలు ఎత్తి లోపల పెట్టుకుంది.

"ఏందన్నా ఈ గోల?" అంటే దరియావలి నొచ్చుకునేవాడు.

"గోలా? ప్రేమపాట అబ్బయా ఇది!"

"ప్రేమ యాడుంది దీంట్లో?"

"ఉండు, వస్తాది. తొందరపడితే ఎట్టా?"

నిజంగానే వచ్చేది. చివర్లో చప్పుళ్ళన్నీ ఆగిపోయి, ఒక మగగొంతు ఎవరి చెవిలోనో చెప్పుకుంటున్నట్టు మెల్లగా నాలుగు మాటలు పాడేది. వాటి అర్థం మాత్రం దరియావలి చోటుకో రకంగా చెప్పేవాడు. పడవ పూజలో "గాలి తిరిగేలోపల వచ్చేస్తా పిల్లా అంటాండాడు". చెవులు కుట్టేచోట "ఏడవబాక, బెల్లం పెడతా అంటాండాడు". అతనికి వచ్చిన ఇంగ్లీషల్లా 'హలో మైక్ టెస్టింగ్' ఒకటే.

మరుసటేడు నా పెళ్ళి. పిల్ల పేరమ్మ, పులికాటు వైపు. చూసివచ్చిన రోజు నుంచి నాకు తిండి సయించలేదు. మా వాళ్ళలో విందుచేప తలకాయ పెళ్ళికొడుకు మేనమామకు వడ్డించాలి, వాళ్ళలోనేమో పెళ్ళికూతురి మేనమామకు. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. తెల్లారితే ముహూర్తమనగా, మధ్యాహ్నం విందులో తలకాయ పోయి పేరమ్మ మేనమామ ముత్యాలయ్య విస్తట్లో పడింది.

మా నాయన చిన్నపోలయ్య దిగ్గున లేచాడు.

"లెయ్యండ్రా! ఈ పెళ్ళి లేదు!" అని, ముత్యాలయ్య పుట్టుక మీద ఒక మాట ఎత్తుకున్నాడు. అది గనక అవతలి వరసకు వినపడితే పేరమ్మ నాకు ఈ జన్మలో దక్కదు.

సరిగ్గా అప్పుడు, నాయన పక్కనే మైకుపెట్టె ముందున్న దరియావలి చెయ్యి కదిలింది, హారన్లు రెండూ రేకులు ఈడ్చాయి.

నాయన నోరు కదులుతోంది, మాట లేదు. ముత్యాలయ్య చేతులు తిప్పుతున్నాడు, మాట లేదు. నాలుగు నిమిషాలు ఇద్దరూ గాలిని తిట్టుకుని, అలిసిపోయి కూర్చున్నారు. అప్పుడు ఆ మెల్లని గొంతు వచ్చింది. పందిట్లో పిల్లాపెద్దా గప్‌చుప్.

"ఏమంటాండాడు అబ్బయా వాడు?" అని ముత్యాలయ్య అడిగాడు.

"తలకాయ నాకొద్దు మామా, పిల్లనిస్తే చాలు అంటాండాడు," అన్నాడు దరియావలి.

ముందుగా నవ్వింది ముత్యాలయ్యే. ఇంకా ముట్టని తలకాయను రెండుగా కోయించి, సగం మా మేనమామ గంగులయ్యకు తానే వడ్డించాడు.

అప్పటికి గాని నాకు బుర్రకెక్కలేదు. దరియావలి ఆ రికార్డు ఎప్పుడూ ఊరికే వేయలేదు, ఎక్కడైనా మాటా మాటా పెరిగిన ఘడియ చూసే వేశాడు. పాట మీద అతని ఇష్టమూ అబద్ధం కాదు. అంత రచ్చ దాటితే గాని పెగలని ఆ నాలుగు మాటలు నాకూ ప్రాణమైపోయాయి. అది కట్టినవాళ్ళెవరో, ఏ దేశంలో ఉన్నా చల్లగా ఉండాలి.

పెళ్ళయిన మర్నాడు దరియావలి తీగలు చుట్టుకుంటుంటే నాయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నేనామాట అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉండావు. నీకు ఇనపడిందా?"

"పాట ఆడతాండె గదా మామా, నాకెట్టా ఇనపడతాది?"

నాయన అక్కడే ఇసకలో చతికిలబడి, "ఇంకోసారి ఎయ్యి అబ్బయా. ఈసారి నోరు మూసుకోని ఇంటా," అన్నాడు.