దరఖాస్తుకు ముందు ఆరు హారతులు

ఈ రోజు సాయంత్రం అయిదింటిలోపు నా భార్య టీచరు పరీక్షకు దరఖాస్తు పంపాలి. మా పాత కంప్యూటరు ఫోటో ఎక్కించగానే మెమొరీ చాలదంటూ ఆగిపోతోంది. పాత ఫైళ్లు తీసేసినా లాభం లేదు. చివరికి చూస్తే, తెర కింద, డోలు కొట్టి పాడే దేవుళ్ల ఒగ్గు కథల వీడియోలు ఆరు సగంలో ఆపి ఉన్నాయి. అన్నీ మా అమ్మవే. కథ మధ్యలో గొర్రెల దగ్గరికి లేచి వెళ్లి, తిరిగి వచ్చి ఇంకో కథ పెట్టుకుంటుంది.

“అమ్మా, ఇవన్ని బంద్ చేస్తున్న.”

“కథ నడిమిట్ల ఇడిస్తె అరిష్టం రా. కథ ఆఖర్ల హారతి గానియ్యి.”

“ఆరు కథలా? తెల్లారుతది!”

నా భార్య గడియారం చూసింది. నాలుగున్నర.

“అత్తమ్మా, ఆఖరుకు జరిపి ఒట్టి హారతులే పెడ్త. సరేనా?”

“గట్లనన్న గానియ్యి. మంగళం పాడినంక మీ ఇష్టం.”

ఒక్కో కథను చివరికి జరిపాం. అమ్మ తెరకు ఆరుసార్లు దండం పెట్టింది, మేము ఆరూ మూసేశాం. ఫోటో ఎక్కింది. అయిదుకు పది నిమిషాల ముందు దరఖాస్తు పోయింది.

అమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొంది. “ఇగ మొదటిది పెట్టు. నడుమ ఏమైందో ఇననేలేదు.”

పెట్టాను. కంప్యూటరు మొరాయిస్తే మీ ఇళ్లల్లో ఎవరి అనుమతి తీసుకోవాలి?