తొంభై కిలోమీటర్ల కోపం

అల్ ఘర్రాఫా నుంచి మదీనత్ అల్ షమాల్‌కు సైకిలు మీద వెళ్ళాలనుకునేవారు ఎవరైనా ఉంటే ముందే చెబుతున్నాను, పొద్దున చల్లగా ఉందని మురిసిపోకండి. ఎనిమిదింటి దాకా రోడ్డు మీది, ఆ తర్వాత గాలిది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆ శుక్రవారం నేను వినే స్థితిలో లేను.

చమురు డబ్బుతో దోహా చుట్టూ ఎటు చూసినా పునాదులు తవ్వుతున్న రోజులవి. మా కంపెనీ ఘర్రాఫాలో విల్లాలు కట్టేది, నేను స్టోర్‌కీపర్ని. పదో తరగతి గట్టెక్కినవాణ్ణి కనుక క్యాంపులో సగం మందికి ఉత్తరాలు రాసిపెట్టేదీ, వచ్చినవి చదివిపెట్టేదీ నేనే. గురువారం డ్యూటీ అయ్యాక నా మంచం చుట్టూ ఏరోగ్రాములు, అంటే మడిచి అంటించే విమానపు ఉత్తరాలు, పట్టుకుని జనం కూర్చునేవారు. ఆ వారం వాటి మధ్య నా పేరుకే ఒక ఉత్తరం వచ్చింది. మా చెల్లెలు సుగుణ రాసింది.

"అన్నా, ఆయన మీ క్యాంపు ఇడిసిపోయినకాంచి ఒక్క ఉత్తరం లేదు. పైసలు అస్తున్నయి, మాట అస్తలేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నడని ఊరోళ్ళు అంటున్నరు. మీరిద్దరు దుబాయిలనే ఉంటిరి గదా, ఒక్కసారి పొయ్యి సూడు. ఈ నెల ఎల్లేలోపు ఆయన మాట రాకుంటే బిడ్డను తీస్కొని అమ్మగారింటికి అస్త."

మేమున్నది కతార్ అయినా మా ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. ఆయనంటే మా బావ నర్సయ్య. రెండేళ్ళు నా పక్క మంచం మీద పడుకున్న మనిషి. ఏడు నెలల కింద మా యజమాని అతన్ని షమాల్ దగ్గరున్న తన తమ్ముడి తోటకు పంపాడు. చదువు రాదు నిజమే. కానీ క్యాంపన్నాక రాసిపెట్టేవాడు ఒక్కడైనా ఉండడా? డబ్బు పంపడానికి తీరికున్నవాడికి రెండు ముక్కలు రాయించడానికి తీరిక లేదా? నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు కొత్త ఏరోగ్రాములు సంచిలో పెట్టుకున్నాను, బావ చేత నా ఎదుటే సమాధానం చెప్పించి రాసుకురావాలని.

టాక్సీకి అంత దూరం ఇచ్చుకునే స్తోమత లేదు. బస్సు లేదు. ఉన్నది సైకిళ్ళు. నాది స్టోరు సామాను మోసే బరువైన బండి. తోడుగా వస్తానన్న యూసుఫ్ భాయ్‌ది మాత్రం సన్న టైర్ల రేసు సైకిలు. యూసుఫ్ భాయ్‌ది మా పక్క ఊరే, మెట్‌పల్లి. ఇక్కడ ఏసీ మెకానిక్కు. కంపెనీలో పనిచేసిన ఫ్రెంచి ఇంజినీరు దేశానికి పోతూ ఆ సైకిలును అతనికి అమ్మేశాడు.

అయిదుంపావుకు, అతని నమాజు కాగానే బయల్దేరాం. ఉమ్ సలాల్ దాటేసరికి తెల్లారింది. రోడ్డు నున్నగా ఉంది, అప్పుడొకటి అప్పుడొకటి నీళ్ళ ట్యాంకరు తప్ప బండ్లు లేవు. యూసుఫ్ భాయ్ హాయిగా తొక్కుతున్నాడు. నేను మాత్రం తొక్కడం కంటే తిట్లు కూర్చుకోవడమే ఎక్కువ చేస్తున్నాను. 'ఏం బావా, సుఖంగా ఉన్నవా' అని మొదలుపెట్టాలా, మొహం చూడగానే విరుచుకుపడాలా? ఒక్కో కిలోమీటరు రాయికి ఒక్కో వాక్యం మార్చాను.

ఎనిమిదింటికి అల్ ఖోర్ మలుపు దగ్గర టీ కొట్టు కనిపించింది. టీ అర రియాలు, రొట్టె అర రియాలు. నేను గ్లాసు సగంలోనే కింద పెట్టి లేచాను.

"జర కూసో భాయ్. షమాల్ యాడికి పోదు," అన్నాడు యూసుఫ్ భాయ్.

"షమాల్ పోదు, మా చెల్లె కాపురం పోతది."

"మరి రొట్టెనన్న తిను. తిట్టనీకి తాకత్ ఉండాలె గదా."

రొట్టె జేబులో పెట్టుకుని సైకిలెక్కాను. పావుగంటలో గాలి లేచింది. ఉత్తర దిక్కును ఇక్కడ షమాల్ అంటారు, అటు నుంచి వీచే గాలికీ అదే పేరు. సన్నటి ఇసుక మొహానికి కొడుతుంటే నా బండి నడక వేగానికి పడిపోయింది. ఇది చాలదన్నట్టు తుమ్మముల్లు దిగి యూసుఫ్ భాయ్ వెనక టైరు కూర్చుండిపోయింది.

రోడ్డుకు కుడి పక్కన పల్లపు నేల ఉంది. వారం కింద వాన పడిందేమో, పచ్చగా గడ్డి మొలిచి, తుమ్మచెట్ల కింద చిన్న చిన్న పసుపు పూలు విచ్చుకుని ఉన్నాయి. కతార్‌లో అంత పచ్చదనం నేను అదే చూడటం. యూసుఫ్ భాయ్ ట్యూబుకు అతుకు వేస్తూ చెప్పాడు, "ఆ ఇంజినీరు సాబ్ అంటుండె, వాళ్ళ దేశంల వాగు పక్కపొంటి చెట్ల నీడకు రోజంత తొక్కుకుంట పోతరంట. ఎందుకు సాబ్ అంటే, ఊరికెనే అన్నడు. ఊరికెనే ఎట్ల తొక్కుతరో నాకు సమజ్ కాకపోతుండె. ఇప్పుడైంది."

నాకు కాలేదు. అతుకు ఆరేదాకా అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకున్నాను.

మళ్ళీ రోడ్డెక్కగానే ఒక పఠాన్ డ్రైవరు లారీ ఆపి తల బయటపెట్టాడు. "కహా జా రహే హో? షమాల్? సైకిల్ పే? పాగల్ హో క్యా?" అంటూ ఎక్కమని సైగ చేశాడు. యూసుఫ్ భాయ్ సైకిలు ఎత్తబోయాడు. నేను వద్దన్నాను. ఎందుకో అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. లారీలో అరగంటలో చేరిపోతాం, తిట్లు ఇంకా పూర్తిగా కుదరలేదు.

పదకొండున్నరకు మదీనత్ అల్ షమాల్ చేరాం. మసీదు, నాలుగు కొట్లు, ఒక పెట్రోలు బంకు, దూరంగా సముద్రం. యూసుఫ్ భాయ్ జుమ్మా నమాజుకు పోయాడు. ట్యాంకరు డ్రైవర్లు చెప్పిన గుర్తులు పట్టుకుని నేనొక్కణ్ణే మట్టిదారిన మరో రెండు కిలోమీటర్లు తొక్కి తోట గేటు తోశాను.

ఖర్జూరపు చెట్లు, జొన్నచొప్ప మళ్ళు, మేకల కొట్టం, రేకుల గది. క్యాంపు లేదు. కొట్టం ముందు నీడలో ఒక సుడాన్ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. గట్టుమీద పారతో నిలబడింది మా బావ. చిక్కిపోయాడు. నన్ను చూడగానే పార కిందపడేసి పరుగెత్తుకొచ్చాడు.

"అచ్చినవా బావా! నాకెరుక, అస్తవని నాకెరుక!"

తిట్టడానికి నోరు తెరిచానో లేదో, చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయాడు. రేకుల పెట్టె తెరిచి అడుగునుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. అందులో నాలుగు ఉత్తరాలు. నాలుగూ సుగుణ రాసినవే. ఒక్కటీ విప్పలేదు.

"ఇవేంది బావా, విప్పనన్న విప్పలేదు?"

"విప్పి ఏం జెయ్యాలె? ఈడ ఉన్నది నేను, ఆ సుడాను పెద్దమనిషి, ఇద్దరు బంగ్లాదేశోళ్ళు. మన అక్షరం ఎవలికి అస్తది? పైసలైతె సేటే ఇంటికి పంపుతడు, ఉత్తరం ఎవలు రాస్తరు? నువ్వు బండెక్కించినప్పుడు చెప్పితివి గదా, నెలకోసారి అచ్చి చదివిపెడ్త, రాసిపెడ్త అని. అందుకే జమ జేసి పెట్టిన. నీకు డ్యూటీ దొరకలేదేమో అనుకున్న."

అన్నాను. పికప్ కదులుతుంటే అతని భుజం తట్టి నేనే అన్నాను. ఊరెళ్ళేవాణ్ణి సాగనంపేటప్పుడు ఏవో అంటాం కదా, అలా అని, బండి దుమ్ము అణిగేలోపే మరిచిపోయాను. మా ఘర్రాఫా క్యాంపులో ముగ్గురిలో ఒకడు మా జిల్లావాడే. ఎక్కడికి పోయినా అంతేననుకున్నాను. తొంభై కిలోమీటర్లు కూర్చుకొచ్చిన తిట్లన్నీ నాకే సరిగ్గా సరిపోయాయి.

సుడాన్ పెద్దాయన "తఫద్దల్, తఫద్దల్" అంటూ తినమని అన్నం పళ్ళెం ముందుకు జరిపాడు. నేను తినలేదు, ఉత్తరాలు విప్పాను. తేదీల వరసలో చదివాను. మొదటిదాంట్లో మేక ఈనిన కబురు, వానలు లేవన్న కబురు. రెండోదాంట్లో కాగితం నిండా పెన్సిలుతో గీసిన చిన్న పాదం. "బిడ్డ కాలు గీసి పంపుతున్న, ఈ సైజుకు చెప్పులు పంపు" అని కింద రాసింది. ఆ ఒక్క ఉత్తరం చదవడానికి మా బావకు నా అవసరం లేకపోయింది. కాగితం తీసుకుని అరచేతి మీద పరుచుకుని చాలాసేపు చూశాడు. మూడోదాంట్లో 'ఎందుకు రాస్తలేవు' అని నాలుగుసార్లు ఉంది. నాలుగోది మూడే వాక్యాలు, మాట రాకుంటే అమ్మగారింటికి పోతానని నాకు రాసిన సంగతే. నేను సంచిలోంచి కొత్త ఏరోగ్రాము తీశాను.

"రాయి బావా," అన్నాడు చివరికి. "నేను మంచిగున్న. ఇంకో ఇల్లు లేదు, గిల్లు లేదు, మేకల కొట్టమున్నది. పని ఎక్కువైతుంటె రాయలేదు, తప్పు నాదే అని రాయి."

"తప్పు నీదెట్ల అయితది బావా?"

"నీ పేరు రాస్తె అన్న మీద కోపానికస్తది. ఉన్నది ఒక్క అన్న. నామీదైతె రెండు దినాలు అలుగుతది, సరైపోతది. నేను చెప్పినట్లు రాయి."

రాశాను. రాసిపెట్టేవాడు చెప్పింది చెప్పినట్టు రాయాలి, క్యాంపులో నేను పెట్టుకున్న నియమం అది. బిడ్డ పాదం కాగితం నాకిచ్చి, "దోహల చెప్పులు కొను. గీసి నెలలాయె, కాలు పెరిగుంటది. రెండేళ్ళు అచ్చేటట్టు పెద్దయి తీస్కో," అన్నాడు. గేటు దాకా వచ్చాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

రెండింటికి యూసుఫ్ భాయ్‌ని కలుసుకుని తిరుగుదారి పట్టాం. ఇప్పుడు గాలి వెనకనుంచి. కాళ్ళు ఆడించకపోయినా బండి పోతోంది. పొద్దున మూడున్నర గంటలు పట్టిన ఆ నలభై అయిదు కిలోమీటర్లు రెండున్నర గంటల్లో అయిపోయాయి, అయినా నాకు వచ్చేటప్పటికంటే ఎక్కువ దూరం అనిపించింది. కోపం ఉన్నంతసేపు మనిషికి తోడు అదే ఉంటుంది. పచ్చటి పల్లం దగ్గర యూసుఫ్ భాయ్ ఆగుదామా అని చూశాడు. నేనే ముందు దిగాను. అయిదు నిమిషాలు ఇద్దరం ఆ గడ్డిలో ఊరికే కూర్చున్నాం.

నాలుగున్నరకు అల్ ఖోర్ మలుపు. అక్కడ నుంచి చేపల పికప్ ఒకటి, సైకిళ్ళతో సహా పది రియాళ్ళకు దోహా చేరుస్తానంది. డ్రైవరు టీ తాగేలోపు బల్ల మీద ఏరోగ్రాము తీసి మళ్ళీ చదివాను. మంచిగున్న. పని ఎక్కువైతుంటె రాయలేదు. తప్పు నాదే. నా చేతి రాతే, చక్కగా, గుండ్రంగా ఉంది.

"యల్లా, యల్లా," అని డ్రైవరు తొందరపెడుతున్నాడు. యూసుఫ్ భాయ్ సైకిళ్ళు ఎక్కిస్తున్నాడు. మడత పెట్టే అంచున రెండు వేళ్ళ జాగా మిగిలింది. కలం తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి, చెప్పనిది రాశాను. "చెల్లే, పని ఎక్కువై రాయలేదన్నది అబద్ధం. బావ నీ ఉత్తరాలు నాలుగూ విప్పకుండా నాకోసం దాచిపెట్టుకున్నాడు. నెలనెలా పోయి చదువుతానని మాటిచ్చి, ఏడు నెలలు పోనివాణ్ణి నేను. అలిగేదుంటే నామీద అలుగు."

జిగురు అంచు నాలుకతో తడిపి, మళ్ళీ విప్పే వీలు లేకుండా గట్టిగా అదిమి అంటించాను.