పెద్దిరాజు కొలిచిన రేంజ్

పెద్దిరాజుది గోదావరి లంక. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి కేకేసి పిలుస్తూ పెరిగినవాడు. దుబాయ్ వచ్చి పదిహేనేళ్లయినా ఆ గొంతూ తగ్గలేదు, దాని మీద ఆయనకున్న నమ్మకమూ తగ్గలేదు. అల్ కుసైస్‌లో ఒక పెళ్లిళ్ల హాలుకి ఇప్పుడు సూపర్‌వైజరు. అంతకుముందు ఎనిమిదేళ్లు అదే హాలు పార్కింగులో ఎండకు నిలబడి కార్లు సర్దించాడు. కరోనా తగ్గి పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక ఆయన్ని లోపలికి, ఏసీలోకి తీసుకున్నారు.

హాలుకి కొత్త వాకీటాకీలు ఎంచే పని ముదీర్, అంటే మేనేజరు, ఆయనకే అప్పజెప్పాడు. డబ్బా మీద పది కిలోమీటర్లని రాసుంది. రాసిందల్లా నమ్మే మనిషా పెద్దిరాజు? సెలవు రోజు ఉమ్ అల్ క్వైన్ వెళ్లి, సముద్రపు పాయకి ఇవతల తాను, అవతల స్నేహితుడు వాసు నిలబడి స్వయంగా పరీక్షించాడు. వాసు పొద్దున ఏం తిన్నాడో కూడా స్పష్టంగా వినిపించింది. ఇన్ని నీళ్లు దాటిన మాటకి గోడలొక లెక్కా అనుకున్నాడు. లంకలో పుట్టినవాడికి అడ్డమంటే నీళ్లే మరి. ముదీర్‌కి గ్యారంటీ అని మాటిచ్చేశాడు.

శనివారం మధ్యాహ్నం పెళ్లి. వంటిల్లు నేలకింద రెండో అంతస్తులో, వడ్డన పైన రెండో అంతస్తులో. పొద్దున ముదీర్ ఎదురుగా పెద్దిరాజు పైనుంచి వంటింటిని పిలిచాడు. వాకీ గరగరమంది. ఇంకా గట్టిగా పిలిచాడు, అరిస్తే ఎక్కువ దూరం పోతుందన్నట్టు. ఆ కేక వాకీతో పని లేకుండానే పార్కింగులోవాళ్లకి వినిపించింది.

ముదీర్ కోప్పడలేదు. బిర్యానీ వేళకి మాట అందకపోతే రేపట్నుంచి పార్కింగుకే పొమ్మన్నాడు, అంతే. పెద్దిరాజుకి ఎండంటే భయం లేదు. ఆ పార్కింగు కుర్రాళ్ల ముందు మళ్లీ నిలబడాలంటేనే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వంటింట్లో నెల్లూరు మేస్త్రీ నూర్ మొహమ్మద్ ఆయన చెప్పిందంతా విని, గరిట పక్కన పెట్టాడు.

"నువ్వు ఏరు చూసి కొలిచినావన్నా. ఈడ ఏరు యాడుంది? అంతా సిమెంటు, ఇనప తలుపులే గదా."

పెద్దిరాజు సుద్దముక్క అడిగి తీసుకున్నాడు. కింద నూర్ మొహమ్మద్ వాకీలో అంకెలు చదువుతుంటే ఒక్కో మెట్టే ఎక్కాడు. నలభై రెండో మెట్టు దాటగానే మాట పోయింది. అక్కడ గీత గీశాడు. పైన వడ్డన చూసే ఉజ్మాని మాట్లాడమంటే, ఆమె గొంతు సరిగ్గా ఆ గీత దాకా దిగి ఆగిపోయింది.

పెళ్లయ్యేదాకా ఆయన ఆ మెట్టు మీదే నిలబడ్డాడు. ఉజ్మా అడిగింది కిందికి చెప్పాడు, నూర్ మొహమ్మద్ చెప్పింది పైకి అందించాడు. బిర్యానీ పొగలు కక్కుతూ వెళ్లింది. ఉద్యోగం నిలిచింది, మోకాళ్లు మాత్రం రెండ్రోజులు పలకలేదు.

మరుసటి వారం ఒక సేల్స్‌మన్ ఇంకా పెద్ద డబ్బా తెచ్చి, వీటి రేంజ్ పదిహేను కిలోమీటర్లన్నాడు. మరి మన దగ్గరున్నవాటి రేంజ్ ఎంతని ముదీర్ పెద్దిరాజు వైపు తిరిగాడు.

"నలభై రెండు మెట్లు సార్."

సేల్స్‌మన్ నవ్వాడు. ముదీర్ నవ్వలేదు. ముందు వంటింట్లోంచి మాట్లాడి చూపించమని అతన్ని మెట్ల వైపు పంపాడు. పెద్దిరాజు సుద్దముక్క తీసుకుని వెనకే బయల్దేరాడు.