వెంకటసుబ్బులమ్మత్త కుదిర్చిన బీర సంబంధం

వెంకటసుబ్బులమ్మత్త మా వీధిలో పెళ్ళిసంబంధాలు కుదిర్చే మనిషి. కంభంలో పిల్ల, గిద్దలూరులో పిల్లాడు అంటే చాలు, ముందు ఇంటిపేర్లు అడుగుతుంది, తరువాత వావి చూస్తుంది. ఆ అలవాటు మనుషుల దగ్గర ఆగలేదు. పెరట్లో తీగలు కూడా ఆమెకు చుట్టాలే.

"కీరకాయా దోసకాయా చూసేదానికి తోడబుట్టినట్లుంటాయి. వాటికి సంబంధం కుదరదు. బుడమకాయ చూడు, గోలీ అంత. అది దోసకు సొంత మేనబావ! పోలికలు చూసి మోసపోవద్దు, వియ్యమందుకుంటేనే ఒక జాతి" అంటుంది.

మా ఆయన ఏటా పెరట్లో బీర పెట్టేవాడు. పొట్టి కాయ, తియ్యన. వాళ్ళ నాయన నాటి విత్తనం. కంప మీద పాకే అడవి చేదుబీరను వానలు పడగానే పీకేసేవాడు. ఆయన చనిపోయిన ఏడు పీకేవాళ్ళు లేకపోయారు. కాయలు ఎప్పటిలాగే తియ్యగా కాశాయి, విత్తనం దాచాను. నిరుడు అది పెడితే కూర నోట పెట్టలేకపోయాము. ఆయన విత్తనం ఇక లేదనుకొని తీగలు పీకబోయాను.

అత్త గోడ మీద నుంచి అరిచింది. "ఏందే రేణుకా ఆ పని! ప్రతి తీగ కాయా కొరికినావా?"

"చేదే అత్తా."

"కంప మీది చేదుబీరతో తుమ్మెద సంబంధం కలిపినాది. నన్నడగకుండా కుదిరిస్తే ఇట్లనే తగలడతాది!"

దిగి వచ్చి తీగకొక కాయ కోసి, కొన కొరికి ఉమ్ముతూ పోయింది. మూలన ఉన్న రెండు తీగల దగ్గర మాత్రం ఉమ్మలేదు. "ఇవి తాత పోలికే" అంది. మిగతావన్నీ పీకించింది, కంప మీదిదీ పీకించింది.

ఆ రెండింటి మొగ్గలు విచ్చుకోకముందే, తుమ్మెద దూరకుండా ఆడ, మగ మొగ్గలకు దారం చుట్టాము. పొద్దు వాలాక మగపువ్వును తెచ్చి ఆడపువ్వుకు అద్దింది అత్త. ఆడపువ్వును మళ్ళీ కట్టి, విత్తనపు కాయ అని గుర్తుకు పసుపుదారం ముడి వేయాలి. పక్కింటి భవాని "బాజాలేవి అత్తా?" అని నవ్వింది. పసుపుదారం చూసి నేను వెనక్కి జరిగాను.

"నువ్వే వెయ్యి" అంది అత్త.

"నేనెట్ల అత్తా..."

"నీ మొగుడి తరపు పెళ్ళి. నువ్వు గాక ఊరోళ్ళు వేస్తారా?"

వేశాను. భవాని మూతితోనే సన్నాయి ఊదింది. చాలా రోజుల తరువాత నాకు నవ్వు ఆగలేదు.

ఈ ఏడు ఆ విత్తనం పందిరి నిండా పాకింది. మొదటి కాయలు దిగగానే అత్త కత్తి పట్టుకొని వచ్చింది. ఒక్కో తీగ కాయ కొన కోసి నములుతూ పోయింది. ఆఖరి తీగ దగ్గర ముఖం వికారంగా పెట్టింది.

"చెప్పు అత్తా!"

నవ్వుతూ ముక్క మింగి, మిగతా కాయంతా నా చేతిలో పెట్టింది. "ఇంట్లో శనగపప్పుందా లేదా? ఉంటే నానెయ్యి పో."